చలిమంట దగ్గర పిల్లలందరూ తినగలిగే తీపి: పాలు, నెయ్యి, జెలటిన్ లేకుండా ఎలా చేయాలి

సంక్రాంతి సెలవులకు మా ఇంటి పిల్లలంతా నర్సంపేట దగ్గరున్న మా పొలానికి వస్తారు. చీకటి పడగానే బావి పక్కన చలిమంట వేస్తాం. మూడేళ్ల కిందట ఒక పిల్లవాడు వీడియోలో చూసి, పుల్లకు గుచ్చి కాల్చుకునే మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయి కావాలని పట్టుబట్టాడు. హన్మకొండలో ఒక షాపులో విడిగా అమ్ముతుంటే అరకిలో తెచ్చాను. వాటితో పాటు గ్లూకోజ్ బిస్కెట్లు, పాల చాక్లెట్ కూడా.

మా చెల్లె కొడుక్కి పాలు పడవు. కొంచెం తగిలినా ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. పక్క పొలం వాళ్లు వీగన్‌లు, అంటే జంతువుల నుంచి వచ్చేది ఏదీ తినరు. వాళ్ల అమ్మాయి కూడా ఆ రోజు మాతోనే ఉంది. బిస్కెట్లలో పాలపొడి, చాక్లెట్లో పాలు, మార్ష్‌మెలోలో జంతువుల నుంచి తీసే జెలటిన్. మిగతా పిల్లలు మంట చుట్టూ కేరింతలు కొడుతుంటే ఆ ఇద్దరూ వెనక కూర్చుని ఉత్త అరటిపండు తిన్నారు. "పెద్దమ్మా, నాకు ఆకలిగా లేదులే" అన్నాడు మా వాడు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మరుసటి ఏడు నుంచి మా దగ్గర ఒకటే పద్ధతి. మంట దగ్గరికి వచ్చే ప్రతి వస్తువూ అక్కడున్న ప్రతి పిల్లా, పిల్లవాడూ తినగలిగేదే ఉండాలి. "ఇది నీకు, అది వాళ్లకు" అనే వేరే ప్లేటు ఉండకూడదు. ఇది కష్టమేమీ కాదు. మన వైపు నిప్పుల మీద చేసుకునే తిండిలో చాలా వరకు పాలు, వెన్న ముందు నుంచీ లేవు. మార్చాల్సినవి మూడు నాలుగే. అవి ఎలా మార్చాలో, మిగతావి ఎలా చేయాలో చెబుతాను.

ముందు ప్యాకెట్ చదవాలి

పచ్చ చుక్క ఉంది కదా, చాలు అనుకోవద్దు. మన దేశంలో పచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే. పాలు, నెయ్యి, తేనె ఉన్నా పచ్చ చుక్కే వేస్తారు. వీగన్ తిండికి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నియమాలు తెచ్చింది, దానికి వేరే గుర్తు ఉంది. ఆ గుర్తు ఉన్న ప్యాకెట్లు మన ఊళ్ల షాపుల్లో తక్కువగా కనిపిస్తాయి. కాబట్టి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవక తప్పదు.

మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసిన్, లాక్టోజ్, బటర్, ఘీ అని ఉంటే అందులో పాలు ఉన్నట్టే. చాలా గ్లూకోజ్ బిస్కెట్లలో, మారీ బిస్కెట్లలో పాలపొడి ఉంటుంది. జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసేది. మార్ష్‌మెలోకు ఆ మెత్తదనం, సాగుడు దానివల్లే వస్తాయి. జెలటిన్ ఉన్న ప్యాకెట్ మీద మాంసాహారం గుర్తు, అంటే గోధుమరంగు త్రికోణం, ఉండాలి. విడిగా అమ్మేవాటికి గుర్తూ ఉండదు, లేబులూ ఉండదు. అందుకే విడిగా అమ్మే మార్ష్‌మెలోలు, రంగు మిఠాయిలు నేను ఇప్పుడు ముట్టుకోను. ఎర్ర మిఠాయిల్లో కార్మైన్ అనే రంగు ఉంటే అది పురుగుల నుంచి తీసినది. లేబుల్ మీద దాన్ని 120 అనే నంబరుతో కూడా రాస్తారు. మెరిసే మిఠాయిల మీద పూసే షెల్లాక్ లక్క పురుగు నుంచి వచ్చేది, దాని నంబరు 904.

పేరు చూసి భయపడాల్సిన పని లేనివి కూడా ఉన్నాయి. కోకో బటర్ అంటే కోకో గింజల్లోని కొవ్వు, అందులో పాలు లేవు. పీనట్ బటర్ అంటే మన పల్లీ ముద్దే. డార్క్ చాక్లెట్‌లో కోకో, చక్కెర, కోకో బటర్, సోయా లెసిథిన్ మాత్రమే ఉంటే వాడుకోవచ్చు. డార్క్ అని రాసినా కొన్నింట్లో పాల కొవ్వు కలుపుతారు, అందుకే పేరు కాదు, పదార్థాల పట్టీ చూడాలి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోండి. ఇష్టంతో పాలు మానేసిన పిల్లకు "పాల ఆనవాళ్లు ఉండవచ్చు" అని రాసిన చాక్లెట్ పెట్టినా వాళ్ల ఇంట్లో ఒప్పుకోవచ్చు. పాలు పడని పిల్లవాడికి అది ప్రమాదం. వాడికోసం ఆ వాక్యం లేని ప్యాకెట్టే తీసుకోండి. నెయ్యి రాసిన పెనం, వెన్న తగిలిన గరిటె కూడా వద్దు. పల్లీలు పడని పిల్లలూ ఉంటారు. ఈ వంటల్లో సగం పల్లీల మీదే నడుస్తాయి కాబట్టి, వచ్చే ప్రతి పిల్ల తల్లిదండ్రులను ముందే ఫోన్ చేసి అడగండి. ఒక్కరికి పడకపోయినా పల్లీల బదులు నువ్వులు, కొబ్బరి వాడండి. ఆ రెండూ పడతాయో లేదో అదే ఫోన్లో అడిగి పెట్టుకోండి.

మంట కాదు, నిప్పులు కావాలి

తిండి కాలేది మంట మీద కాదు, నిప్పుల మీద. మంట మీద పెడితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. కాబట్టి తినే వేళకు గంట ముందే మంట వేయండి. తుమ్మ, చింత కట్టెలు గట్టివి, నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. కంది కట్టె అంటించడానికి మంచిది కానీ గబగబా కాలిపోతుంది. మన దగ్గర పొలాల నిండా పత్తి కట్టె దొరుకుతుంది. పత్తికి మందులు బాగా కొడతారు, అందుకని చలి కాచుకోవడానికి వేసినా తిండి కాల్చే మంటలో నేను వేయను. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ అసలు వద్దు. కిరోసిన్, పెట్రోల్ పోసి అంటించడం పిల్లల ముందు ఎప్పుడూ చేయకండి. ఎండిన కొబ్బరి పీచు, రెండు పిడకలు చాలు.

గడ్డివాముకు, పత్తి కుప్పకు, కరెంటు మోటారుకు దూరంగా, ఉత్త నేల మీద, చుట్టూ రాళ్లు పేర్చి వేయండి. రెండు బిందెల నీళ్లు, ఒక బుట్ట ఇసుక పక్కనే ఉండాలి. పాకాల, ఏటూరునాగారం వైపు విహారానికి వెళ్లినప్పుడు అడవిలో మాత్రం మంట వేయకండి. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం. శివరాత్రి దాటాక ఆకులు రాలి అడవంతా ఎండి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

కట్టెలు కాలి ఎర్రటి నిప్పులయ్యాక వాటిని ఒక పక్కకు లాగి పరచండి. రెండో పక్క చిన్న మంట ఉంచండి. పిల్లలకు మంట చూడాలని ఉంటుంది కదా. తిండి మాత్రం నిప్పుల వైపే.

పుల్లల సంగతి. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టండి, తొందరగా కాలవు. చెట్టు కొమ్మలైతే జామ మంచిది. గన్నేరు కొమ్మ విషం, దాన్ని తిండికి గుచ్చితే ప్రాణం మీదికి వస్తుంది. జిల్లేడు పాలు కళ్లలో పడితే ప్రమాదం. పిల్లలు పుల్లలు ఏరుకుని వస్తామంటారు, పంపకండి, మీరే కోసి ఇవ్వండి. పుల్ల కనీసం మూడు అడుగుల పొడవు ఉంటే చెయ్యి మంటకు దూరంగా ఉంటుంది.

అరటి పడవలు

మొదటిసారి చేసేవాళ్లు దీనితో మొదలుపెట్టండి. చెడిపోయే అవకాశం చాలా తక్కువ, పిల్లలు సొంతంగా నింపుకోవచ్చు.

పండిన, కానీ గట్టిగా ఉన్న పొడవాటి అరటిపండు తీసుకోండి. తొక్క తీయకండి. వంపు లోపలి వైపు ఈ కొన నుంచి ఆ కొన దాకా చాకుతో ఒక గాటు పెట్టండి. అడుగు తొక్క తెగకూడదు. గాటును వేళ్లతో కొంచెం విప్పి అందులో డార్క్ చాక్లెట్ ముక్కలు, వేయించి దంచిన పల్లీలు, ఎండుకొబ్బరి తురుము కూరండి. చాక్లెట్ వద్దనుకుంటే బెల్లం తురుము, నువ్వుల పొడి. నా ఓటు బెల్లానికే. మేడారంలో అమ్మవార్లకు బంగారమని సమర్పించేది ఈ బెల్లమే కదా. అది కరిగి అరటిపండులోకి ఇంకితే వచ్చే రుచి చాక్లెట్‌కు రాదు. మా పిల్లల్లో సగం మంది నాతో ఒప్పుకోరు.

పైన అల్యూమినియం రేకు చుట్టమని చాలామంది చెబుతారు. నేను అరటి ఆకు ముక్కలో చుట్టి, ఆకు నారతోనే కడతాను. విస్తర్లు కుట్టే మోదుగ ఆకులు రెండు పొరలు చుట్టినా సరిపోతుంది. నిప్పుల మీద గాటు పైకి వచ్చేలా పెట్టండి. ఎనిమిది నుంచి పది నిమిషాలకు తొక్క నల్లబడుతుంది, లోపల మెత్తబడుతుంది. పట్కారుతో తీసి ఐదు నిమిషాలు ఆగి, చెంచాతో తినమనండి. కరిగిన బెల్లం, చాక్లెట్ నాలుకను బాగా కాలుస్తాయి. ఈ ఐదు నిమిషాలు ఆపడమే ఇందులో కష్టమైన పని.

కందగడ్డ

మా వైపు కందగడ్డ అంటాం, కొందరు రత్నపురి గడ్డ, కొందరు మోరంగడ్డ, కొందరు గెనుసుగడ్డ, కొందరు చిలగడదుంప. సంక్రాంతికి బజారు నిండా ఉంటుంది. మా నాయనమ్మ వంటయ్యాక పొయ్యి బూడిదలో నాలుగు కూరి పెట్టేది, తెల్లారి మేం తీసుకుని తినేవాళ్లం. పాలు లేవు, నెయ్యి లేదు, ఏదీ మార్చాల్సిన పని లేదు.

పిల్లల పిడికిలి కంటే లావు లేనివి ఏరండి. కడిగి తుడవండి, చెక్కు తీయకండి. నిప్పుల అంచున, వేడి బూడిదలో పూర్తిగా మునిగేలా కప్పండి. సన్నవైతే అరగంట, లావువైతే ముప్పావు గంట. మధ్యలో ఒకసారి తిప్పండి. పుల్ల గుచ్చితే వెన్నలా దిగాలి. బూడిద దులిపి, నిలువుగా చీల్చి, మధ్యలో ఒక చెంచా పల్లీ ముద్ద, కొంచెం బెల్లం తురుము వేయండి. చిక్కటి కొబ్బరిపాలు రెండు చెంచాలు పోస్తే పాయసంలా ఉంటుంది. అన్నిటికంటే ముందు వీటినే నిప్పుల్లో పెట్టండి, మిగతావి అయ్యేసరికి ఇవి తయారవుతాయి.

పిల్లలు అడిగే ఆ "స్మోర్"

రెండు బిస్కెట్ల మధ్య కాల్చిన మార్ష్‌మెలో, చాక్లెట్ పెట్టి నొక్కేది. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ 1927లో వేసిన పుస్తకంలో దీని పద్ధతి అచ్చయింది. అసలు పేరు "సమ్ మోర్", అంటే ఇంకొంచెం అని. మా పిల్లలు దీన్ని "ఇంకోటి" అంటారు.

దీనికి మూడు మారాలి: బిస్కెట్, చాక్లెట్, మార్ష్‌మెలో. చాక్లెట్ సంగతి పైనే చెప్పాను.

బిస్కెట్ బదులు నేను మలీద బిళ్లలు చేస్తాను. సద్దుల బతుకమ్మకు మలీద ముద్దలు చేస్తాం కదా, రొట్టెలు నలిపి బెల్లం కలిపి, అదే. నెయ్యి బదులు కొబ్బరినూనె. నాలుగు గోధుమ రొట్టెలు ముందురోజు కాల్చినవి తీసుకోండి, తాజావైతే తడి ఎక్కువ ఉండి బిళ్ల గట్టిపడదు. నూనె, నెయ్యి రాయకుండా కాల్చినవే కావాలి. మిక్సీలో రవ్వలా తిప్పండి. ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి, రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనె, చిటికెడు యాలకుల పొడి వేసి గట్టిగా పిసకండి. ముద్ద విడిపోతుంటే ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు చల్లండి. నిమ్మకాయంత ఉండలు చేసి అరచేతి మీద పలచగా వత్తి, పెనం మీద చాలా సన్నని సెగన రెండు వైపులా కాల్చండి. ఎక్కువ సెగ పెడితే బెల్లం మాడి చేదు వస్తుంది. చల్లారాక గట్టిపడతాయి. డబ్బాలో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటాయి. బతుకమ్మ పండుగకు తప్ప మిగతా ఏడాదంతా మలీదను ఎందుకు మరిచిపోతామో నాకు అర్థం కాదు. పిల్లలకు ఇంతకంటే మంచి తీపి లేదు.

ఇక మార్ష్‌మెలో. వీగన్ మార్ష్‌మెలో ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ధర ఎక్కువ. ఇంట్లో చేయాలంటే రెండు వస్తువులు కావాలి. ఒకటి చైనా గ్రాస్, అంటే సముద్రపు నాచు నుంచి తీసే అగర్. రెండోది కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు. ఆ నీళ్లు గుడ్డు తెల్లసొనలా నురగ కడతాయి. 2014లో ఒక ఫ్రెంచ్ సంగీతకారుడు దీన్ని కనిపెట్టి చెప్పాడు, 2015లో దానికి ఆక్వాఫాబా అనే పేరు వచ్చింది.

మంట వేసే రోజుకు రెండు రోజుల ముందు రాత్రే మొదలుపెట్టండి.

1. ఒక కప్పు కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మూడు కప్పుల కొత్త నీళ్లతో ఉప్పు వేయకుండా మెత్తగా ఉడికించండి. శనగలతో పాటే నీళ్లను చల్లారనిచ్చి వడకట్టండి. నీళ్లు వేలికి జిగటగా అంటాలి. పలచగా ఉంటే ఇంకా మరిగించి తగ్గించండి. అందులోంచి అర కప్పు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. శనగలు కూరకు వాడుకోండి.

2. ఒక వెడల్పాటి ట్రేలో సమానంగా కలిపిన మక్కపిండి స్టార్చ్, చక్కెర పొడి మందంగా చల్లి ఉంచుకోండి. కేకుల షాపుల్లో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్ల పొడి ఇదే.

3. చల్లటి శనగ నీళ్లలో అర చెంచా నిమ్మరసం వేసి ఎలక్ట్రిక్ బీటర్‌తో గిలకొట్టండి. ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. గిన్నె బోర్లించినా జారకూడదు. గిన్నెకు జిడ్డు ఉంటే నురగ రాదు, ముందే నిమ్మచెక్కతో తుడిచి ఆరబెట్టుకోండి.

4. గిలకొడుతుండగానే ఇంకొకరు పొయ్యి దగ్గర ఉండాలి. పది గ్రాముల చైనా గ్రాస్ పొడిని ముప్పావు కప్పు చల్లటి నీళ్లలో కలిపి, కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు మరిగించండి. పలుకు మిగలకూడదు. అప్పుడు ఒక కప్పు చక్కెర వేసి తీగపాకం వచ్చేదాకా ఉడికించండి. స్టీలు ప్లేటు మీద ఒక చుక్క వేస్తే నిమిషంలో గట్టిపడాలి. ఒక్కో కంపెనీ చైనా గ్రాస్‌కు ఒక్కో బలం ఉంటుంది, అందుకే ఈ చుక్క పరీక్ష మానకండి.

5. బీటర్ తిరుగుతూనే ఉండగా వేడి పాకాన్ని సన్నటి ధారగా నురగలో పోయండి. అర చెంచా వెనీలా వేయండి. రెండు నిమిషాలు మించి తిప్పకండి, అగర్ గోరువెచ్చబడేసరికే గడ్డ కడుతుంది. వెంటనే ట్రేలోకి వంచి పరచండి.

6. నాలుగు గంటలు కదిలించకుండా ఉంచి, తడి చాకుతో ముక్కలు కోసి, అన్ని వైపులా ఆ స్టార్చ్ పొడి అద్దండి. రాత్రంతా మూత లేకుండా, పలచటి బట్ట కప్పి ఆరనివ్వండి.

మూడు, నాలుగు, ఐదు మెట్ల దగ్గర పిల్లలను ఉంచకండి. చక్కెర పాకం మరిగే నీళ్ల కంటే వేడి, పైగా చర్మానికి అంటుకుని వదలదు.

అంతా చేశాక ఒక నిజం తెలిసి ఉండాలి. అగర్‌తో చేసిన ముక్కను మంటలో పెడితే జెలటిన్ దానిలా ఉబ్బి గోధుమరంగుకు తిరగదు. సుమారు 85 డిగ్రీల దగ్గర అగర్ కరుగుతుంది, ముక్క పుల్ల నుంచి జారి నిప్పుల్లో పడుతుంది. మొదటిసారి నావి పది ముక్కలు అలాగే పోయాయి, పిల్లలు ఏడ్చినంత పని చేశారు. అందుకని పుల్లకు గుచ్చకండి. మలీద బిళ్ల మీద చాక్లెట్ ముక్క, దాని మీద మార్ష్‌మెలో పెట్టి, పైన చిటికెడు చక్కెర చల్లండి. స్టీలు గరిటె అడుగును నిప్పుల్లో ఎర్రగా కాల్చి, చక్కెరకు తగిలీ తగలనట్టు పైన పట్టుకోండి. చక్కెర బుడగలు వచ్చి గోధుమరంగుకు తిరుగుతుంది, కింద మార్ష్‌మెలో మెత్తబడుతుంది, చాక్లెట్ కరుగుతుంది. పైన ఇంకో మలీద బిళ్ల పెట్టి నొక్కండి. గరిటె పని పెద్దవాళ్లదే. ఆ చుయ్‌మనే చప్పుడు వినడానికి పిల్లలు వరుస కడతారు.

ఇంత పని వద్దనుకుంటే మార్ష్‌మెలో బదులు కాల్చిన అరటి గుజ్జు పెట్టండి. దానికీ మా ఇంట్లో ఇంకోటి, ఇంకోటి అంటూనే ఉన్నారు.

పుల్లకు చుట్టే రొట్టె

పుల్ల పట్టుకుని మంట దగ్గర కూర్చోవాలన్న పిల్లల ముచ్చట దీంతో తీరుతుంది. రెండు కప్పుల గోధుమపిండి, రెండు చిన్న చెంచాల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, రెండు పెద్ద చెంచాల బెల్లం పొడి, రెండు పెద్ద చెంచాల పల్లీనూనె. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలపండి. ఇరవై నిమిషాలు నాననివ్వండి. చిన్న ఉండ తీసి చిటికెన వేలంత తాడులా చేసి, బొటనవేలంత లావు జామ కొమ్మ చివర, చెక్కు తీసిన చోట, చుట్టలు చుట్టలుగా చుట్టండి. చుట్ల మధ్య కొంచెం సందు వదలాలి, లేకపోతే లోపల పిండి పిండిగానే ఉంటుంది. నిప్పులకు జానెడు ఎత్తున పది పన్నెండు నిమిషాలు తిప్పుతూ ఉండాలి. లాగితే పుల్ల నుంచి సులువుగా ఊడి వస్తే అయినట్టు. ఊడిన గొట్టంలో పల్లీ ముద్ద కానీ బెల్లం పాకం కానీ నింపండి. ఓపిక లేని పిల్లవాడు మంటలో పెట్టి నల్లగా చేసుకుంటాడు, వాడికి ఇంకో ఉండ ఇవ్వండి. రెండోసారి నేర్చుకుంటాడు.

కారం, పేలాలు, తాగడానికి ఒకటి

తీపి తినీ తినీ పిల్లలు కారం అడుగుతారు. సర్వపిండి ఉండనే ఉంది: బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి ఆకు, కారం. పిండి ఇంటి దగ్గరే కలిపి తెచ్చి, అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలో నూనె రాసి వత్తి, వేలితో చిల్లులు పెట్టి, మూత పెట్టి నిప్పుల మీద ఉంచండి. చేసే పద్ధతి మీకు నాకంటే బాగా తెలిసే ఉంటుంది. వానాకాలంలో అయితే మక్కబుట్టలు కాల్చి, వెన్న బదులు నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దండి.

పేలాలకు పేలాల మక్కలే కావాలి, మామూలు మక్కలు సరిగా పేలవు. మందపాటి గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె, అర కప్పు మక్కలు, మూత. ఊపుతూ ఉండాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు పేలాలు, గుండు పల్లీలు పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి. వాళ్లకు పల్లీ ముద్ద పలచగా రాసి ఇవ్వండి.

తాగడానికి పల్లీ పాలు. ఒక కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి బట్టలో వడకట్టండి. కలుపుతూ పది నిమిషాలు మరిగించి, రెండు కప్పులకు ఒక పెద్ద చెంచా చొప్పున కోకో పొడి కలపండి. దించాక, కాస్త చల్లారాకే బెల్లం వేయండి, మరుగుతుండగా వేస్తే విరిగే అవకాశం ఉంది. దగ్గు, జలుబు ఉన్న పిల్లలకు కోకో బదులు దంచిన అల్లం, మిరియం వేస్తాను. పిల్లలకు ఇది అంత నచ్చదు, పెద్దవాళ్లే తాగేస్తారు.

పిల్లలతో జాగ్రత్త

నైలాన్ గౌనులు, చున్నీలు, వేలాడే చేతులున్న స్వెటర్లు మంట దగ్గర వద్దు. నూలు బట్టలు వేయండి, జుట్టు కట్టండి. మంటకు నాలుగు అడుగుల దూరంలో ముగ్గుపిండితో గుండ్రంగా గీత గీయండి. పుల్ల పట్టుకున్నవాళ్లు మాత్రమే, ఒకసారికి నలుగురే, పెద్దవాళ్లు పిలిస్తేనే గీత దాటాలి. ఆరేళ్ల లోపు వాళ్లు పెద్దవాళ్ల ఒడిలో కూర్చుని పుల్ల పట్టుకోవాలి. కాలుతున్న పుల్లను ఊపి ఆర్పవద్దని ముందే చెప్పండి, నిప్పు ఎగిరి పక్కవాళ్ల మీద పడుతుంది.

ఎవరికైనా చెయ్యి కాలితే వెంటనే చల్లటి మంచి నీళ్లు ఇరవై నిమిషాలు పోస్తూనే ఉండండి. పేస్టు, ఐసు, నూనె, పసుపు ఏదీ రాయకండి. బొబ్బ వచ్చినా, ముఖం మీద కాలినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పాలు పడని పిల్లవాడి మందులు మీ చేతి సంచిలో ఉండాలి, కారులో కాదు. పెదవులు వాచినా, ఊపిరి ఆడనట్టున్నా 108కి ఫోన్ చేయండి.

పిల్లలు పడుకోవడానికి వెళ్లాక నిప్పులను అలా వదిలేయకండి. కట్టెలు విడదీసి, ఒక బిందె నీళ్లు మెల్లగా పోసి, కర్రతో బూడిద అడుగు దాకా కలిపి, మళ్లీ పోయండి. అరచెయ్యి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో బిందె పోయండి. బూడిదలో మరిచిపోయిన కందగడ్డ ఏదైనా ఉందేమో నీళ్లు పోయకముందే ఒకసారి వెతకండి.